టెలి మానస్ 14416: రోగిని చూసుకునేవాళ్ల గోడు వినే నంబరు

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దవాళ్లని ఇంట్లోనే పెట్టుకుని సేవ చేస్తున్న ఆడవాళ్లు మా వీధిలోనే ఇంకా ఉన్నారు. వాళ్లకి నోటితో చెబుతున్నదే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య ఫోన్ సర్వీసు టెలి మానస్‌ని నేను వాడాను. అవసరమైతే ఇప్పటికీ వాడతాను. నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. రెండూ ఫ్రీ. పగలూ రాత్రీ ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాది తాడేపల్లిగూడెం. ఇంటి ముందు గదిలో లేడీస్ టైలరింగ్ చేస్తాను. మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు అన్నీ నాకే నేర్పించింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ముక్కులో వేసిన గొట్టంలోంచి వడకట్టిన జావ సిరంజితో నెమ్మదిగా వదలాలి. తల కింద ఎత్తు పెట్టి, పోశాక కూడా అరగంట అలాగే ఉంచాలి, వెంటనే పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. డైపరు, మందులు, ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పిన వ్యాయామాలు, మధ్యలో కస్టమర్ల జాకెట్లు. ఎయిర్ బెడ్ మోటారు రాత్రంతా గుర్రుమంటూనే ఉండేది. అది ఆగితే ఇంకా భయం, కరెంటు పోయిందన్నమాట.

కొన్నాళ్లకి నాకు నిద్ర పట్టడం మానేసింది. పని ఉండి మేలుకోవడం వేరు. పని లేకపోయినా, అత్తయ్య హాయిగా నిద్రపోతున్నా, నేను కళ్లు తెరుచుకుని గోడ వైపు చూస్తూ ఉండేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పండగలకి కుట్టాల్సిన గుడ్డలు సంచుల్లోనే ఉండిపోయాయి. కొలతల పుస్తకం తెరిస్తే అంకెలు కనిపించేవి గానీ బుర్రకెక్కేవి కావు. అత్తయ్యని తిప్పేటప్పుడు నా చెయ్యి ఎక్కడ విసురుగా పడుతుందోనని నా మీద నాకే భయం వేసేది.

ఇంటికొచ్చిన చుట్టాలు నా మొహం చూసి "ఓర్చుకోవాలి అమ్మా, నీకే పుణ్యం" అనేవాళ్లు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నాక నోరు తెరిచి కష్టం చెప్పుకునే దారి కూడా మూసుకుపోయేది. పుణ్యం చేస్తున్న మనిషి అలిసిపోయానని ఎలా అంటుంది?

టెలి మానస్ కంటే ముందు, హైదరాబాదులో చదువుకుంటున్న మా అబ్బాయి ఒక ప్రైవేటు కౌన్సెలింగ్ యాప్‌లో డబ్బు కట్టి ఒక అపాయింట్‌మెంట్ పెట్టించాడు. ఆ యాప్ పేరు రాయను. ముప్పావు గంటకి పన్నెండు వందలు. తెలుగు అని ఎంచుకున్నా, వచ్చినావిడ సగానికి పైగా ఇంగ్లీషులోనే మాట్లాడింది. వారానికోసారి మీ కోసం మీరు సమయం తీసుకోండి, మసాజ్‌కి వెళ్లండి, ఏదైనా ట్రిప్పు ప్లాన్ చేసుకోండి అని చెప్పింది. ఆ సమయంలో అత్తయ్యని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. రోగి ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నకి జవాబు దొరకకుండా మనసు గురించి ఎంత మాట్లాడినా గాలికి పోతుంది. టెలి మానస్‌కి నేను ఇంత విలువ ఇవ్వడానికి ముఖ్య కారణం, వాళ్లు ఆ ప్రశ్న దగ్గరకి వచ్చారు.

కాల్ ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తెలియకే భయపడుతున్నారు. నంబరు నొక్కగానే రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది. తర్వాత కౌన్సెలర్‌కి కలుపుతారు. నేను చేసింది అర్ధరాత్రి దాటాక. అవతల ఒకమ్మాయి, గొంతుని బట్టి చిన్న వయసే అనిపించింది. తన పేరు చెప్పింది. నా పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదంది. వయసు, జిల్లా అడిగింది. "చెప్పండమ్మా, ఈ టైములో ఫోన్ చేశారంటే బాగా ఇబ్బందిగా ఉండి ఉంటుంది" అంది. నాకు చాలాసేపు మాట రాలేదు. ఏడుస్తూ ఉన్నాను. ఆ అమ్మాయి హడావిడి పడలేదు, "ఊఁ, ఉన్నానమ్మా" అని మధ్యమధ్యలో అంటూ ఉంది, అంతే.

కాస్త తేరుకున్నాక ఒక్కొక్కటే అడిగింది. నిద్ర ఎన్నాళ్లుగా లేదు? పడుకున్నాక పట్టట్లేదా, పట్టి మధ్యలో మెలకువ వస్తోందా? ఆకలి? బరువు తగ్గారా? పీరియడ్స్ ఎలా ఉన్నాయి? ఇదివరకు ఇష్టంగా చేసే పని ఇప్పుడు చెయ్యాలనిపిస్తోందా? షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నాయా? ఏమైనా మందులు వాడుతున్నారా? మనసు గురించి ఫోన్ చేస్తే ఒంటి గురించి ఇన్ని అడుగుతారని నేను అనుకోలేదు.

ఆ తర్వాత మెల్లగా, కానీ సూటిగా అడిగింది. "అమ్మా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. అపశకునం అంటారు. నేను నిజం చెప్పాను. చావాలని కాదు గానీ, పొద్దున్న లేవకుండా ఉంటే బాగుండునని చాలా రాత్రులు అనిపిస్తోంది అన్నాను. ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదు, తప్పు కదా అనలేదు, పిల్లల మొహం చూసి బతకాలి అనలేదు. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లారా, ఇప్పుడు ఇంట్లో ఇంకెవరు మెలకువగా ఉన్నారు అని అడిగింది. అత్తయ్య మందుల డబ్బా ఈ రాత్రికి మా వారి దగ్గర పెట్టమని చెప్పింది. ఆయన్ని లేపి ఇచ్చేదాకా లైనులోనే ఉంది. చావు గురించి అడిగితే ఆ ఆలోచన లేనివాళ్లకి కొత్తగా పుడుతుందని మనవాళ్ల భయం. అలా పుట్టదని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నా వరకు, ఆ మాట ఒకరు అడిగి నేను జవాబు చెప్పాక గుండెల మీది బరువు దిగింది.

ఆ రాత్రికి ఒక్కటే పని చెప్పింది. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఫోన్‌లోనే తనూ లెక్కపెడుతూ నాతో చేయించింది. ఇది జబ్బు నయం చేసే మంత్రమని ఆ అమ్మాయి చెప్పలేదు, నేనూ చెప్పను. గుండె దడ తగ్గడానికి పనికొస్తుంది. నాకు పనికొచ్చింది.

నాకు నచ్చిన భాగం తర్వాతి సంభాషణలో వచ్చింది. మళ్లీ ఫోన్‌లో మాట్లాడినప్పుడు, ఒక కాగితం తీసుకుని పొద్దున్నించి రాత్రి దాకా అత్తయ్యకి చేసే పనులన్నీ వరసగా రాయమన్నారు. రాశాను. ప్రతి పని పక్కన, ఇది చెయ్యగలిగిన మనిషి నేను కాక ఇంకెవరున్నారో రాయమన్నారు. మొదట అన్నిటి పక్కనా ఎవరూ లేరనే రాశాను. "మీ వారు చెయ్యలేరా, చెయ్యడం రాదా?" అని అడిగారు. నిజమే, పక్కకి తిప్పడానికి ఆయన చేతుల్లో నాకంటే బలం ఎక్కువ. రాదంతే. ఎవరూ నేర్పలేదు. "మీ ఆడపడుచులు ఉన్నారా?" అని అడిగారు. ఒకామె ఉంది, భీమవరంలో. గంటన్నర దూరం కూడా కాదు.

నాకంటే చిన్నది. నన్ను వదినా అంటుంది. నెలకోసారి పళ్లు పట్టుకుని వచ్చి, తల్లి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుని సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. తనమీద నాకు లోపల్లోపల చాలా ఉండేది. ఆ మాటే కౌన్సెలర్‌తో అన్నాను. ఆమె దాని గురించి తీర్పు ఏమీ చెప్పలేదు. మీకు ఏం కావాలో ఆమెకి ఎప్పుడైనా చెప్పారా అని అడిగింది. తర్వాత ఇద్దరం కలిసి ఆ మాట తయారు చేశాం. కాస్త సాయం చెయ్యి అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. రోజు, టైము, పని మూడూ ఉండాలి. పాత లెక్కలు ఆ ఫోన్‌లో ఎత్తకూడదు.

నేను అడిగింది ఇది: "నెలకి రెండు శనివారాలు సాయంత్రం వచ్చి, ఆదివారం రాత్రి దాకా అమ్మ దగ్గర నువ్వు ఉండాలి. గొట్టంలో జావ పొయ్యడం నేను నేర్పిస్తాను. నాకు నిద్ర లేదు, నా ఒంట్లో బాగోలేదు."

అటుపక్క కాసేపు మాట లేదు. తర్వాత, "నువ్వెప్పుడూ అడగలేదుగా వదినా. నీకు చెయ్యడం వచ్చు, మేము ముట్టుకుంటే ఏమవుతుందోనని దూరంగా ఉన్నాం" అంది. మొదటిసారి సిరంజి పట్టుకున్నప్పుడు దాని చెయ్యి వణికింది. జావ ఆపి ఆపి పోసింది. అత్తయ్య మాట్లాడలేదు గానీ ఎడం చేత్తో దాని కొంగు పట్టుకుంది. మా వారు రాత్రి ఒంటి గంటకి, మూడింటికి తిప్పే పని తీసుకున్నారు. నాకు వరసగా అయిదు గంటలు నిద్ర దొరికింది. ఇంటిల్లిపాదికీ పని పంచడం ఒక వైద్యమని నాకు అప్పుడు తెలిసింది.

అందరిళ్లలో ఇలా జరగదు. అడిగినా రాని ఆడపడుచులు, కసిరే మొగుళ్లు ఉంటారు. మా ఎదురింటి ఆవిడకి అలాగే అయింది. ఆమెకి ఫోన్‌లో ఇంకో దారి చెప్పారట, పగటిపూట రెండు గంటలు డబ్బిచ్చి ఆయాని పెట్టుకోవడం, ఆ రెండు గంటలూ ఇంట్లో ఉండకుండా బయటికి రావడం. ఇంట్లో ఉంటే మళ్లీ మనమే లేచి చేస్తాం కదా.

ఫోన్‌తోనే అంతా సరిపోతుందని వాళ్లు చెప్పలేదు. నిద్ర, ఆకలి ఇన్నాళ్లుగా లేవంటే డాక్టరు చూడాలి అన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లమన్నారు. జిల్లాల్లో మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టర్లు ఉంటారు, ఫోన్ సర్వీసు వాళ్లు మనల్ని వాళ్ల దగ్గరికి పంపుతారు. వెళ్లాలంటే మొదట సిగ్గేసింది. ఓపీ చీటీ రాయించుకుని కూర్చుంటే, నా పక్కన బెంచీ మీద బ్యాంకులో పనిచేసే కుర్రాడు, పరీక్షలంటే వణికిపోయే ఇంటర్ పిల్ల, మనవరాలిని తీసుకొచ్చిన తాత. పిచ్చాసుపత్రి అని మనం ఊహించుకునేదేమీ అక్కడ లేదు.

డాక్టరమ్మ తొమ్మిది ప్రశ్నలున్న కాగితం ఇచ్చింది. గత రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో టిక్కు పెట్టాలి. రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసించిపోతుందని, అవి చూడకుండా మనసు జబ్బు అని తేల్చకూడదని చెప్పింది. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం తక్కువ. ఐరన్ మాత్రలతో పాటు డిప్రెషన్‌కి తక్కువ డోసులో ఒక మాత్ర రాసింది. ఆ మాత్ర వేసిన రోజే పనిచెయ్యదు, గుణం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు అని రెండుసార్లు చెప్పింది. అది అలవాటైపోయే నిద్రమాత్ర కాదని కూడా చెప్పింది. మా వారికి ఆ భయమే ఎక్కువ ఉండేది. చూసినందుకు, పరీక్షలకి, మందులకి పైసా తీసుకోలేదు. బస్సు చార్జీలే ఖర్చు.

ఈ సర్వీసు వెనకాల ఏముందో కూడా చెప్పాలి, ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు ఫోన్ ఎత్తుతున్నారని అనుకోకుండా. కరోనా తర్వాత జనం మానసికంగా బాగా దెబ్బతిన్నారని 2022 బడ్జెట్‌లో దీన్ని ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టారు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. సాంకేతిక పని బెంగళూరు ట్రిపుల్ ఐటీ చూస్తుంది. ఒక్కో రాష్ట్రానికి సొంత కేంద్రం ఉంటుంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, వాళ్లకి మించిన విషయమైతే మానసిక వైద్య నిపుణులకి, అవసరమైతే ఆసుపత్రికి పంపుతారు. మొత్తం ఇరవై భాషల్లో నడుస్తోంది. 2024 అక్టోబరులో మొబైల్ యాప్ కూడా తెచ్చారు. నాకు ఫోనే సౌకర్యం, ఎందుకంటే ఒక చెయ్యి అత్తయ్య మీద ఉంచి కూడా మాట్లాడొచ్చు.

దీనికి ఉన్న హద్దులు చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. ఇది షిఫ్టుల్లో నడిచే సర్వీసు. ప్రతి వారం ఒకే మనిషి ముందు కూర్చుని, చిన్నప్పటి గాయాల నుంచి మొదలుపెట్టి నెలల తరబడి మాట్లాడాలనుకునేవాళ్లకి ఇది సరిపోదు. పెళ్లి, విడాకుల గొడవల్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పని కూడా ఫోన్ చెయ్యలేదు. అలాంటివాటికి మనిషిని వెతుక్కోవాలి. వెతుక్కునేటప్పుడు ఒక్కటి చూడండి. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ చదివి మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాయకుండా మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం మర్యాద తక్కువ కాదు. బోర్డు మీద హీలర్ అనో, లైఫ్ కోచ్ అనో రాసుకున్నంత మాత్రాన చదువు ఉన్నట్టు కాదు. వేలకి వేలు గుంజి, వాడుతున్న మందులు మానెయ్యమని చెప్పేవాళ్లుంటే లేచి వచ్చెయ్యండి.

ప్రాణం మీదకి వచ్చినప్పుడు, ఎవరైనా ఇప్పటికే ఏదైనా చేసుకున్నప్పుడు, ముందు 108కి చెయ్యాలి. కొట్టేవాళ్లు ఇంట్లో ఉంటే 112, ఆడవాళ్లకి 181. పెద్దవాళ్ల పింఛను, ఆస్తి గొడవలు, వాళ్లని సరిగా చూడకపోవడం లాంటివాటికి ఎల్డర్ లైన్ 14567 ఉంది. కష్టంలో ఉన్న పిల్లలకి 1098. ఇవన్నీ మా ఫ్రిజ్ తలుపు మీద టైలరింగ్ చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నాను, తుడిచిపోతే మళ్లీ రాస్తాను.

ఇంకొక భయం గురించి. ఫోన్ చేస్తే కేసవుతుందా, పోలీసులొస్తారా, పిల్ల పెళ్లికి అడ్డమొస్తుందా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణహాని లాంటి కొన్ని సందర్భాలు తప్ప బయటికి చెప్పకూడదు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలని, ప్రభుత్వమే ఆదుకోవాలని అదే చట్టం చెబుతోంది. శరీరానికొచ్చే జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకి కూడా ఇన్సూరెన్సు ఇవ్వాలని అందులోనే ఉంది. పాలసీ ఉన్నవాళ్లు కాగితాలు తీసి చూసుకోండి.

ఇప్పుడు నా నిద్ర చాలావరకు సర్దుకుంది. మాత్ర ఇంకా వాడుతున్నాను, డాక్టరమ్మ ఆపమన్నప్పుడే ఆపుతాను. సాయంత్రం దీపం పెట్టాక అరగంట డాబా మీద కూర్చుని పక్కింటి అమ్మాయికి మగ్గం వర్క్ నేర్పుతున్నాను. నాకు ఇష్టమైన పని ఒకటి రోజూ ఉండాలని, అది సేవ కాకూడదని కౌన్సెలర్ పట్టుబట్టి చెప్పింది. అత్తయ్య పరిస్థితి పెద్దగా మారలేదు. ఇప్పుడు ఆమె తల దువ్వేటప్పుడు మాత్రం నాకు చిరాకు లేదు. జుట్టు చిక్కు తీస్తూ వీధిలో సంగతులు చెబుతాను, కళ్లతో వింటుంది.

ఫోన్ చేసేవాళ్లకి కొన్ని సంగతులు. ఇంట్లో వాళ్లు వింటారన్న ఇబ్బంది ఉంటే డాబా మీదకో, బట్టలారేసే వంకతో పెరట్లోకో వెళ్లండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. ఏం చెప్పాలో తెలియకపోతే నిద్ర పట్టట్లేదు అని మొదలుపెట్టండి, మిగతాది వాళ్లే అడుగుతారు. వాళ్లు చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి, ఆ స్థితిలో ఏదీ గుర్తుండదు. బాగా ముదిరాక చేద్దాంలే అని ఆగొద్దు, నిద్ర చెడిన మొదటి వారాల్లోనే చెయ్యండి. రోగిని చూసుకుంటున్న మనిషి మీ ఇంట్లో మీరు కాకపోతే, ఈ నంబరు ఆమె ఫోన్‌లో మీరే సేవ్ చేసి పెట్టండి, వచ్చే శనివారం మీరు ఎన్నింటికి వస్తారో కూడా అప్పుడే చెప్పండి.